ప్రమాద మెవరి వంతు?

ఒక నగరము గొప్పదనమును కొలుచుటకు మనము సామాన్యముగా మూడు కొలతలను వాడుచున్నాము. అందలి వర్తక మెంత, అందలి మేడ లెన్ని, దానిని చూడవచ్చువా రెందఱు? నాల్గవ కొలత యొకటి కలదు. దానిని తఱుచుగా మఱచుచున్నాము. ఆ నగరము తన సౌఖ్యమునకగు వెలను ఎవరిచేత చెల్లింపించుచున్నది యనునదే యా కొలత. ఆ వెల ధనరూపమున మాత్రమే చెల్లునదైనచో ఈ విచారమును అర్థశాస్త్రజ్ఞులకు విడిచియుందుము. కాని కొన్ని చోట్ల నది ప్రాణరూపమున చెల్లుచున్నది. కావున నిది ధర్మవిచారము. ఇంట వంటచేయువారికిని, సెలవుదినములలో బిడ్డలను సముద్రము చూపింప తీసికొనిపోవువారికిని దీనితో సంబంధము కలదు గనుక దీనిని పాఠకమహాశయుల యెదుట పెట్టుచున్నాము.

ఈ విచారమునకు విశాఖపట్టణమును మించిన దృష్టాంతము తెలుగుదేశమున మాకు కనబడదు. బెస్తవారి పల్లెలతోను చిన్న రేవుతోను నుండిన యా యూరు 1933లో లోతైన నౌకాశ్రయము తెఱవబడుటతో రూపము మార్చుకొనెను. 1957లో కాల్టెక్సు కంపెనీవారు మల్కాపురము ప్రాంతమున ముడిచమురును శుద్ధిచేయు రిఫైనరీని నెలకొల్పిరి. అప్పటి దాని శక్తి సాలునకు 6 లక్షల 75 వేల టన్నులు. 1976లో నది ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియము సంస్థలో కలిసెను. ఇటీవలి విస్తరణముతో దాని శక్తిని 150 లక్షల టన్నులకు పెంచిరి. అనగా మొదటిదానికి ఇరువదిరెండు రెట్లు. ఇంతలో నగరము ఉత్తరపు దిక్కున వేఱొక ముఖమును దిద్దుకొనెను. రామకృష్ణా బీచి, కైలాసగిరి, ఋషికొండ యనునవి దూరప్రాంతముల యాత్రికులను పిలుచుచున్నవి. నౌకాదళమున పనిచేసి విశ్రమించిన కురుసుర యను జలాంతర్గామి 2002లో ఒడ్డునకు చేర్పబడి ప్రదర్శనశాల యయ్యెను. ఋషికొండ తీరమునకు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ అను అంతర్జాతీయపు గుర్తింపు లభించెను.

ఈ రెండు ముఖములకు నడుమ డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొనియున్నది. బీచి యిసుకమీద కూర్చుండి దక్షిణమునకు చూచువానికి ఆ కొండయు, దాని మీది దీపస్తంభమును, రేవునకు పోవు నోడలును కనబడును. కొండ కావలనున్న చమురు ట్యాంకులును, ఆ ప్రహరీగోడలకు చేరువనున్న యిండ్లును కనబడవు. ఏ యుద్దేశమును లేకయే ప్రకృతి యొక తెర కట్టినది. ఆ తెరను మనము మన సౌకర్యమునకు వాడుకొనుచున్నాము.

కాని కొండ చూపును మాత్రమే యడ్డగింపగలదు; సంబంధమును త్రెంపజాలదు. ఇసుక సంగతి చూడుడు. ఆ తీరమున అలలు సంవత్సరమున నధికభాగము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు త్రోయుచుండును. నౌకాశ్రయపు ముఖద్వారమును, దానిని కాపాడు రాతికట్టలును ఆ ప్రవాహమున కడ్డుపడును. ఉత్తరపు తీరమునకు సహజముగా చేరవలసిన యిసుక చేరకపోవుటచే ఆ తీరము కోతకు గుఱియగును. దీనికి విరుగుడుగా రేవువారు, అడ్డుపడి నిలిచిన యిసుకను త్రవ్వించి, ఉత్తరపు తీరమున మరల పోయించుచు వచ్చిరి. కావున విహారమునకు వచ్చినవాని కాలిక్రింది యిసుకయందు సయితము రేవువారు తీర్చిన యప్పు కొంత గలదు. ఒకచోట తీసికొన్నది వేఱొకచోట తిరిగి యియ్యవలెనను నియమమును ఇసుక విషయమున మన మంగీకరించితిమి. మనుష్యుల విషయమున నంగీకరించితిమా? ఇదియే మా ప్రశ్న.

1997 సెప్టెంబరు 14వ తేది ఆదివారము ఉదయమున ఆ రిఫైనరీలో, ఓడనుండి దింపుచున్న వంటగ్యాసు కారి, నిప్పంటుకొని, నిలువచేయు గోళములు ప్రేలెను. సుమారు 60 మంది మరణించిరి. నల్లని పొగ యాకాశము నాక్రమింపగా వేలకొలది జనులు కట్టుబట్టలతో ఇండ్లు విడిచి పరుగెత్తిరి. 2013 ఆగస్టు 23న అచ్చటనే నీటిని చల్లార్చు గోపుర మొకటి మండి, ఇరువదిమందికి పైగా అసువులు బాసిరి. 2020 మే 7వ తేది తెల్లవాఱకముందే ఆర్. ఆర్. వెంకటాపురమున ఎల్. జి. పాలిమర్స్ వారి కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెడలి నిద్రలోనున్న పల్లెను క్రమ్ముకొనెను. పండ్రెండుగురు మరణించిరి, వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. ఈ కడపటిది రిఫైనరీ కాదు; ఐనను స్టైరీన్ చమురు సంతతిలోనిదే. ఈ మూడు దినములందును ముఖ్యముగా బలియైనవారు ఆ చోటుల పనిచేయువారును, వాని చేరువ నివసించువారును. చమురు వాడుకొన్నవారో, దేశమంతటను గలరు.

సంస్కృతమున ‘ప్రమాదము’ అను పదమునకు ఏమఱుపాటు అని యర్థము. తెలుగున నది క్రమముగా ఆ యేమఱుపాటువలన కలుగు కీడునకు పేరైనది. నేడు మనము ‘ప్రమాదము జరిగినది’ యందుము. ఎవరో యేమఱిరని యా మాటలోనే యడగియున్న సంగతిని మఱతుము. పిడుగు పడినట్లును, ఏఱు పొంగినట్లును దానిని కర్తలేని క్రియగా చెప్పుకొందుము. కర్తను విడిచిన వాక్యము వ్యాకరణమున చెల్లవచ్చును, ధర్మమున చెల్లదు. 2020 జూలైలో ప్రభుత్వము నియమించిన సంఘమువారు వెంకటాపురపు దుర్ఘటనపై నివేదిక యిచ్చుచు యాజమాన్యపు టేమఱుపాటును వేలెత్తి చూపిరి. జనులను మేల్కొల్పుటకు అమర్చిన సైరను కర్మాగారమున నున్నను ఆ రాత్రి దానిని మ్రోగింపలేదని యందు తేలినది. పదముయొక్క పాత యర్థమే సత్యమని యా నివేదిక చూపినది.

అట్లని చమురును దూషించుట మా యుద్దేశము కాదు. తడికట్టెల పొగలో దగ్గుచు, కన్నీరు తుడుచుకొనుచు జీవితమంతయు వంట చేసిన తల్లులను మన మెఱుగుదుము. 1999లో దీపము పథకముక్రింద బీదకుటుంబముల స్త్రీలకు గ్యాసుపొయ్యిలు పంచిపెట్టినప్పుడు ఆ యిండ్లలో వెలసిన సుఖము సామాన్యమైనది కాదు. స్త్రీల యారోగ్యమును, విశ్రాంతిని కోరువా రెవ్వరును గ్యాసుబండను నిందింపజాలరు. కాని యొక్కమాట. 1997లో నా యాదివారము మల్కాపురము వైపున మండినది, మన వంటయింటిలో నీలపుమంటగా మండుచున్న పదార్థమే. అచ్చట మంటగా లేచినదానిని ఇచ్చట దీపమని పిలుచుకొన్న మనకు, ఆ మంటలో కాలినవారితో ఏ సంబంధమును లేదని చెప్పుట యెట్లు పొసగును?

కొందఱిట్లందురు: ‘కోట్లమందికి మేలు కలుగునపుడు కొలదిమందికి కీడు తప్పదు. అధికసంఖ్యాకుల యధికసౌఖ్యమే న్యాయమునకు ప్రమాణము.’ బెంథాము మొదలగు ఆంగ్లేయ తత్త్వవేత్తలు చూపిన యీ మార్గము కఱవు, అంటురోగము మొదలగువాని విషయమున రాజ్యపాలనకు మిక్కిలి తోడ్పడినది. ఐనను దానికొక హద్దు గలదు. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1891లో నొక ప్రశ్న వేసెను: ఎచ్చటనో దూరమున ఒక్క ప్రాణి ఒంటరిగా నిరంతరము బాధపడుట యను షరతుమీద లక్షలమందికి నిత్యసౌఖ్యము దొరకునేని, ఆ బేరమున కొప్పుకొనువాడు తన మనస్సులో జుగుప్స చెందకుండునా? ఈ జుగుప్స లెక్కలవలన పుట్టినది కాదు; లెక్కలవలన తీఱునదియు కాదు. మన పురాణములలో శిబిచక్రవర్తి పావురమును కాచుటకు తన తొడమాంసమునే కోసి తూచెను. పొరుగువాని తొడ కోసి తూచినయెడల పావురము బ్రదికియుండును. త్రాసును సరిగానే నిలిచియుండును. కాని శిబి కథ చెప్పుకొనుట కెవ్వడును మిగిలియుండడు. త్యాగమనునది తనదానిని ఇచ్చుట. ఇతరుని దానిని ఇచ్చివైచి దేశాభివృద్ధికై త్యాగము తప్పదనుట భాషను చెఱుచుట.

భారతమున ఆదిపర్వమునందలి యేకచక్రపురపు కథ మనకీ సందర్భమున వెలుగు చూపగలదు. ఆ పురమువారు బకాసురునకు బండెడన్నమును, రెండు దున్నలను, వానిని తోలుకొనిపోవు మనుష్యు నొక్కనిని ఆహారముగా పంపుచుండిరి. ఇంటి కొకరుగా వంతు వచ్చుచుండెను. ఆ దేశపు రాజు ప్రజలను కాపాడజాలని దుర్బలుడని యొక బ్రాహ్మణ గృహస్థు దుఃఖించును. ఈ యేర్పాటు ఘోరమైనదనుటకు సందేహము లేదు. ఐనను అందొక న్యాయము మిగిలియున్నది: వంతు ఇంటింటికి తిరిగెను. మన కాలపు నగరములో వంతు తిరుగుట లేదు. ఏటేట నది యొక్క వీధిలోనే, ప్రహరీగోడ ప్రక్కనే నిలిచియున్నది. సముద్రమునకు ముఖము పెట్టిన మేడకు ఆ వంతు చేరదు. చేరదను నమ్మకమే యా మేడ వెలలో కొంత భాగము. రాక్షసుని కాలమున నున్న సమత్వము మన నాగరికతయందు లోపించినదని చెప్పుకొనుటకు సిగ్గుగా లేదా?

ఆ కథలో మఱియొక విశేషము గలదు. వంతు వచ్చిన యింట తండ్రి ‘నేను పోయెద’ ననును. తల్లి ‘నేను పోయెద’ ననును. కూతురును అట్లే యనును. మాటలు తడబడు పసివాడు సయితము గడ్డిపోచ పట్టుకొని రాక్షసుని చంపెద ననును. ‘నీవు పొమ్ము’ అన్నవా రా యింట లేరు. ఆ యేడుపు విన్నది కుంతి. ఆమె యా యూరిది కాదు. ఆ యింట తలదాచుకొన్న యతిథి. వంతుల పట్టికలో నామె పేరు లేదు. ఐనను ఆ కప్పుక్రింద నిదురించినందుకు ఆ యింటి కీడును తనదిగా నెంచి తన కొడుకును పంపెను. ధర్మరాజు మందలింపగా, పొందిన యుపకారమును మఱవరాదని బదులు చెప్పెను. ఒక యూరికి వచ్చి, దాని గాలిని, నీటిని, అందమును అనుభవించి పోవు యాత్రికునకు ఇంతకంటె నుత్తమమైన యాదర్శమును మే మెఱుగము. అతిథికి హక్కులు మాత్రమే యుండునని మన పెద్దలు చెప్పలేదు. మఱి యా కథ రాక్షసుడు మరణించుటతో ముగిసినదిగాని, వంతులను చక్కగా సవరించుకొనుటతో ముగియలేదని గూడ గమనింపవలెను.

‘నష్టపరిహార మిచ్చుచున్నారు కదా’ యను వాదమును విచారింతము. 2020లో వెంకటాపురపు మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము తలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించినది. ఇచ్చుట మంచిదే, ఇయ్యకుండుట పాపము. కాని పరిహారమునకును న్యాయమునకును భేదము గలదు. ఇద్దఱు మనుష్యులు బేరము చేయునపుడు వెల ముందుగా చెప్పుకొందురు, ఒల్లనివాడు లేచిపోవచ్చును. ఇచ్చట సరకు ప్రాణము; అమ్మినవాని నడిగినవారు లేరు; వెల నిర్ణయించునాటికి అతడు లేడు. దీనిని బేరమన వీలులేదు. తరువాత నిచ్చు ధనము బ్రదికినవారి యాకలిని తీర్చును. ముందుగా నడుగని దోషమును తీర్పదు.

కావున మొదట కావలసినది తెలియజేయుట. బ్లూ ఫ్లాగ్ గుర్తింపునకు గల నియమములలో నొకటి యిది: స్నానము చేయు నీటిని పరీక్షించి, ఆ ఫలితమును తీరముననే పలకపై ప్రకటింపవలెను. గంటసేపు నీటిలో మునిగి పోవువానికి ఆ నీటి గుణము తెలిసికొను హక్కు కలదని లోక మొప్పుకొన్నదన్నమాట. మంచిదే. జీవితమంతయు ఒక గాలిని పీల్చువానికి ఆ గాలి గుణము తెలిసికొను హక్కు అంతకు తక్కువదా? 1984 నాటి భోపాలు ఘోరము తరువాత మన దేశ మీ విషయమున కొంత మేలుకొన్నది. అపాయకరమైన పరిశ్రమను నడుపువాడు దానివలని హానికి ఏ మినహాయింపును లేక బాధ్యుడని 1986 డిసెంబరులో సుప్రీంకోర్టువారు నిర్ణయించిరి. 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, పరిసరములందలి జనులకు అపాయమును, జాగ్రత్తలను తెలుపవలెనని విధించిరి. చట్టమున వ్రాసినది వెంకటాపురమున వినబడలేదు. శాసనము జనుల భాషలో, జనుల చెవినిబడునంతవఱకు అది గ్రంథమునందలి యక్షరమే.

‘కర్మాగారము ముందు వచ్చినది, ఇండ్లు తరువాత చేరినవి. తెలిసి చేరినవారి దే తప్పు’ అనువారు కలరు. కొన్ని యిండ్ల విషయమున నిది నిజము కావచ్చును. కాని యచ్చటికి చేరినవాడు సముద్రపు గాలిని, చమురు వాసనను రెంటిని తూచి చూచుకొని వచ్చినవాడు కాడు. కూలి దొరకుచోటికి, అద్దె తక్కువగు చోటికి వచ్చినాడు. ఒక్క త్రోవ మాత్రమే తెఱచియున్న వానిని, ‘నీవే యెన్నుకొంటివి’ అనుట మాటల గారడి. అతని కూలిచేతనే గదా యా పరిశ్రమ నడచుచున్నది. ఇండ్లు కట్టరాని యెడమును మొదటనే విడిచి, దానిని కాపాడవలసిన భారము అనుమతి యిచ్చిన ప్రభుత్వముపైనను, లాభము పొందిన సంస్థపైనను ఉండును గాని, గుడిసె వేసికొన్న వానిపై నుండదు.

దివిసీమలో, మోపిదేవిలో నుండి మే మీ మాటలు వ్రాయుటకు కారణము గలదు. మా బందరు 1611లోనే ఇంగ్లీషువారి వర్తకస్థానమును చూచిన రేవు. ఆ వైభవము పోయి తరములు గడచెను. 2023 మే నెలలో బందరు క్రొత్త నౌకాశ్రయపు పనుల కారంభోత్సవము జరిగినది. కార్తికపౌర్ణమినాడు సముద్రస్నానములకు జనులు చేరు మంగినపూడి తీరమును విహారస్థానముగా పెంపొందింప వలెనను కోరిక బలపడుచున్నది. 2024లో గొప్ప రిఫైనరీ యొకటి బందరునకు వచ్చునని యాశ పుట్టి, ఆ సంవత్సరాంతమునకు రామాయపట్నము పేరు ముందునకు వచ్చుటచే చాలమంది నిరాశ చెందిరి. యువకులకు పనులు కావలెను. ఆ నిరాశను మేము తేలిక చేయము. కాని యా దినములలో ఎకరము ధర యెంత పెరుగునను ప్రశ్న యెల్లయెడల వినబడినది; ఏ యూరికి ఏ యపాయము చేరువగునను ప్రశ్న మా చెవిని పడలేదు.

సముద్రపు టపాయము మాకు క్రొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల ప్రాణములు పోయినవి. ఆ తరువాత మనమేమి చేసితిమి? తుఫాను షెల్టర్లు కట్టితిమి. రోజుల ముందుగా హెచ్చరికలు పంపుట నేర్చితిమి. బెస్తపల్లెలను ఖాళీ చేయించుట నేర్చితిమి. ఎవడును చేయని యపాయమునకే యింత సిద్ధపడినవారము, మనమే తెచ్చి, మనమే నిలువచేసి, మనమే లాభము పొందు నపాయమునకు అంతకంటె నెక్కువ సిద్ధపడవలదా? ఉప్పెనకు ముందు మైకు మ్రోగును. ట్యాంకు పగులుటకు ముందో?

కావున ఏ తీరమునకు ఏ పరిశ్రమ వచ్చినను కొన్ని ప్రశ్నలు ముందుగా అడుగుట గృహస్థుల విధి. అచ్చట నేమి నిలువచేయుదురు? అది కారినచో ఎంతదూరము పోవును? ఆ దూరములో నెవరున్నారు? వారికి తెలుగున చెప్పితిరా? సైరను మ్రోగినపుడు ఏ దిక్కునకు పోవలెనో బడిపిల్లలచేత అభ్యాసము చేయించితిరా? రాతికట్టలవలన నాగిపోవు ఇసుకను ఎవరు తిరిగి పోయుదురు? విహారశాలలు లేచిన తరువాత బెస్తవాడు తన పడవను ఎచ్చట లాగుకొనును? అభిప్రాయసేకరణ సభ జరుగునపుడు పందిరి క్రింద కూర్చుండి వినుటకు మనలో నెందఱు పోవుదురు?

ఈ జాగ్రత్తలకు ధనము కావలెను. ఆ ధనము పెట్రోలు వెలలోను, గ్యాసుబండ వెలలోను, విహారపు బస అద్దెలోను కొంత చేరవచ్చును. చేరనిండు. ఇంతకాలము మన కది చవుకగా దొరకుటకు కారణము, మిగిలిన వెలను మల్కాపురమువంటి చోటులవారు తమ యూపిరితో చెల్లించుటయే. బండ వెల పది రూపాయలు పెరిగెనని కోపించు మనము, ఆ పది రూపాయలు ఎవని యింటికిని గోడకును నడుమ ఎడమును పెంచినవో విచారించినయెడల ఆ కోపము చల్లారును.

బిడ్డలను విశాఖకు తీసికొనిపోవుడు. అలలను చూపుడు, జలాంతర్గామిని చూపుడు. పిదప డాల్ఫిన్స్ నోస్ కొండను చూపి, దాని వెనుక నేమున్నదో, ఎవరున్నారో, మన యింటి పొయ్యికిని వారికిని సంబంధమేమో చెప్పుడు. దానివలన వారి యానందము చెడదు. ఆ యూరివారి యేడుపును విని, తన కక్కఱలేదని తలుపు మూసికొనని యతిథిగా పెరుగుట ఆ బిడ్డలకు కావలసిన విద్యలలో నొకటియని మా నమ్మకము.